పద్నాలుగో తూటా

1998 జనవరిలో నేను మాదాపూర్‌లో ఒక ఆఫీసు భవనం కడుతున్న చోట జూనియర్ ఇంజనీర్‌గా చేరాను. కాకినాడలో సివిల్ పూర్తిచేసి అప్పటికి ఏడాది. సైట్ మొత్తానికి ఆడ ఇంజనీర్‌ని నేనొక్కదాన్నే. రోడ్డుకు అవతల గుండ్రటి టవర్ అంతస్తు మీద అంతస్తు లేస్తోంది. మా వైపు ఇంకా అంతా బండే. పైకి అయిదంతస్తులు వెయ్యాలంటే ముందు ఇరవై అడుగులు రాతిలోకి దిగాలి.

ఆ రాతిని పేల్చే మనిషి మొగిలి. యాభై అయిదేళ్లుంటాయి. ఖానామెట్‌లో ఇల్లు. పద్దెనిమిదో ఏట పట్టిన పని అది. ఎడమ చెవి కాస్త మందం, ఆ పని చేసేవాళ్లకి అది మామూలే. ఆయన భార్య సత్తెమ్మ మా సైట్‌లోనే రాళ్ల తట్టలు మోసేది. ఆయనకంటే చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ కూడా ఆయన్ని మొగిలన్న అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

పని ఇలా సాగేది. జాక్‌హామర్‌తో బండలో రెండు వేళ్ల మందాన రంధ్రాలు వేసి, ఒక్కోదాంట్లో తూటా, అంటే పేలుడుమందు కడ్డీ, దించి, వత్తి బయటికి వదిలి, పైన మట్టి కూరేవారు. వత్తుల్ని ఒకదానికంటే ఒకటి కొంచెం పొడుగ్గా కోసేవారు. తూటాలన్నీ ఒక్కసారి కాకుండా వరసగా పేలాలని. వరసగా పేలితేనే లెక్కపెట్టడం కుదురుతుంది. ఎన్ని పెట్టామో అన్నీ పేలాయని తేలాకే మనుషుల్ని గోతిలోకి వదలాలి. పేలకుండా మిగిలిన తూటా మీద గడ్డపార పడిందంటే ఇక చెప్పేదేముంది.

గోతి పక్కన ఒక గుండు కింద పసుపు రాసిన చిన్న రాయి ఉండేది. మైసమ్మ. పేల్చే ముందు మొగిలి చెప్పులు విడిచి, చెంబెడు నీళ్లు పోసి, చాలాసేపు కళ్లు మూసుకుని దండం పెట్టేవాడు. చుట్టూ ఎంత గోల ఉన్నా ఆయన ముఖం నిశ్చలంగా ఉండేది. తరవాత గోతిలోకి దిగి ఒక్కొక్క వత్తినీ చేత్తో ముట్టుకుని చూసేవాడు. పైకొచ్చి మళ్లీ దిగేవాడు. అలా మూడుసార్లు. ఎన్ని తూటాలో అన్ని గులకరాళ్లు గుప్పిట్లో పట్టుకుని, ఒక్కో చప్పుడుకి ఒక్కో రాయి కింద వదిలేవాడు.

చేరిన నెలకి ఉండబట్టలేక అడిగాను. అందులో కాస్త ఎగతాళి కూడా ఉందని ఒప్పుకోవాలి.

"మొగిలన్నా, అమ్మవారికి అంతసేపు మొక్కారు కదా. మళ్లీ మూడుసార్లు చూడటం ఎందుకు? ఆవిడ చూసుకోదా?"

ఆయన నవ్వలేదు, నొచ్చుకోలేదు. "ఆమె ఉన్నదో లేదో నాకేమెర్క మేడమ్?" అన్నాడు, వాతావరణం సంగతి చెప్పినట్టు. చెంబు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే ఆ ప్రశ్న నాది.

మేం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉండేవాళ్లం. మా నాన్న భీమేశ్వరరావు గారు ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. తెల్లవారుజామున లేచి స్నానం చేసి, ఒక గంట పూజ చేసి, ఆ తర్వాతే మంచినీళ్లు ముట్టేవారు. దేవుడున్నాడన్న సంగతి ఆయనకి మా ఇంటి నంబరు తెలిసినంత కచ్చితంగా తెలుసు. నాకు ఇంజనీరింగ్ రెండో ఏడు నుంచి అలా తెలియడం పోయింది. ఉన్నాడని గట్టిగా అనలేను, లేడనీ అనలేను. ఒకసారి ఆ మాటే నాన్నతో అన్నాను. ఆయన కోప్పడలేదు గానీ బాధపడ్డారు.

"నమ్మకం అంటే తెలియడమేనమ్మా. అనుమానం కడుపులో పెట్టుకుని చేతులు జోడించడం నటన. అలా మొక్కేకంటే మొక్కకపోవడమే నయం" అన్నారు.

మా అమ్మ పుణ్యవతి "ఊరుకోండి, పిల్లని" అంది గానీ, ఆ మాట అప్పటికే నాలో దిగిపోయింది. అప్పట్నుంచి ఇంట్లో హారతి వేళ నిలబడ్డప్పుడల్లా పరాయి ఇంట్లో దొంగతనంగా భోంచేస్తున్నట్టుండేది.

అందుకే కొన్నాళ్లకి మధ్యాహ్నం అన్నాల వేళ మొగిలి దగ్గరికెళ్లి కూర్చున్నాను. ఆయనా సత్తెమ్మా సిమెంటు గోదాము నీడలో జొన్నరొట్టె తింటున్నారు.

"ఆ రోజు అలా అన్నారేంటన్నా? లేదేమో అనుకుంటూ ఎలా మొక్కుతారు?"

సత్తెమ్మ ఫక్కున నవ్వింది. "అడుగుండ్రి మేడమ్. నేను ముప్పయ్యేండ్ల సంది అడుగుతున్న."

మొగిలి రొట్టె ముక్క పళ్లెంలో పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు. "నా తమ్ముడు ఎల్లేశం నార్సింగి క్వారీల పొయ్యిండు మేడమ్. తూటా మిగిలి ఉండె. ఎవలు సూస్కోలె. వాడు నాకంటె ఎక్కువ మొక్కెటోడు. పదకొండు దినాలు అయినంక నేను మైసమ్మ కాడికి పొయి కూసున్న. ఉన్నవా, లేవా, ఒక్క మాట చెప్పు, ఇగ పోత అన్న. పొద్దు మునిగేదాంక కూసున్న. ఉన్న అనలె. లేను అనలె."

"తర్వాత?"

"తర్వాతేముంది? లేసి దండం వెట్టి ఇంటికొచ్చిన."

"జవాబు రాకపోయినా?"

"జవాబొస్తె దండమెందుకు మేడమ్? మీరు నా ముంగట కూసున్నరు. మీరున్నరని నేను నమ్ముతనా? కండ్లకు కనవడుతనే ఉన్నరు. నమ్ముడంటె తెల్వనికాడ నిలవడుడు. నాకు గట్లనే తోస్తది. సదువుకున్నోళ్లకు ఎట్లనో."

"ఈయన మాటలిని పరేషాన్ గాకుండ్రి. జర పచ్చడి ఏస్కోండ్రి" అంది సత్తెమ్మ.

ఆ పచ్చడి కారానికి నా కళ్లంట నీళ్లొచ్చాయి. వాళ్లిద్దరూ నవ్వారు. నేను మాత్రం సాయంత్రం ఇంటికెళ్లేదాకా ఆయన అన్నదాని గురించే ఆలోచించాను. నాకది పూర్తిగా ఒప్పుదల కాలేదు. తెలియని చోట నిలబడటం సరే, ఎంతసేపు నిలబడగలడు మనిషి? అసలు పరీక్ష వచ్చినప్పుడు ఆ నిలబడటం ఎందుకైనా పనికొస్తుందా?

మే నెలలో వచ్చింది ఆ పరీక్ష.

మర్నాడు పొద్దున్న బెంగళూరు నుంచి భవనం కట్టించుకుంటున్న కంపెనీ వాళ్లు చూడ్డానికి వస్తున్నారు. తూర్పు మూల రాయి మొత్తం ఆ సాయంత్రానికి ఎత్తేసి ఉండాలని కాంట్రాక్టరు తరఫు మేనేజర్ బుల్లిబాబు గారు పొద్దుట్నుంచీ కాలు నిలవకుండా తిరుగుతున్నారు. భీమవరం వైపు మనిషి. చెడ్డవాడు కాదు, పని ఆగితే మాత్రం ఊపిరాడదాయనకి.

మధ్యాహ్నం ఒంటిగంటకి పద్నాలుగు తూటాలు పెట్టారు. ఎర్రజెండాలు కట్టి, ఈల వేసి, అందర్నీ రోడ్డు దాకా పంపేశారు. మొగిలీ ఇంకొకాయనా వత్తులు ముట్టించి పరుగెత్తుకొచ్చారు. పేలుళ్లు మొదలయ్యాయి. ఎప్పట్లాగే నేనూ వేళ్లమీద లెక్కపెట్టాను. చివరిది పేలి దుమ్ము లేచాక బుల్లిబాబు గారు చప్పట్లు కొట్టి, "పద్నాలుగు! పదండి, పదండి" అన్నారు.

నా లెక్క కూడా పద్నాలుగే. ఎర్రజెండా పట్టుకున్న మేస్త్రీదీ అదే. తట్టలు తీసుకుని ముప్పయి మంది దాకా కదిలారు, అందులో సగం ఆడవాళ్లు. రాళ్లు ఎత్తే ప్రొక్లెయిన్ మిషను డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

మొగిలి దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. గుప్పిట తెరిచి చూపించాడు. అందులో ఒక గులకరాయి మిగిలి ఉంది.

"జర ఆగుండ్రి. నాకు పదమూడే ఇనవడ్డయి."

"నీకు చెవుడయ్యా బాబూ!" అన్నారు బుల్లిబాబు గారు. "ఇంతమందికి పద్నాలుగు వినపడ్డాయి."

"నిజమే సార్. నా చెవు మంచిది గాదు. నాదే తప్పయి ఉండొచ్చు."

"మరింకేంటి? తప్పుకో."

"తప్పుకోను సార్."

బుల్లిబాబు గారి గొంతు పెరిగింది. "ఇందాక అమ్మవారి ముందు అంతసేపు నిలబడ్డావు కదా. మొక్కినవాడివి, ఇంకా అనుమానమేంటి? నమ్మకం లేదా నీకు?"

"నమ్మకం ఉన్నది సార్. గాని అది నాది. నా నమ్మకం మీద ముప్పయి మందిని ఎట్ల తోల్త?"

అని, ఆ దారిలోనే కింద కూర్చున్నాడు.

రూలు ప్రకారం గోతిలోకి మనుషుల్ని వదలాలంటే రిజిస్టరులో సైట్ ఇంజనీరు సంతకం ఉండాలి. ఆ రోజు మా సీనియరు సెలవు. అంటే నేనే. బుల్లిబాబు గారు రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టారు.

"చెప్పమ్మా. నీకెన్ని వినపడ్డాయి?"

"పద్నాలుగండి."

"ఇంకేం. పెట్టు సంతకం."

నేను మొగిలి వైపు చూశాను. ఆయన నన్ను బతిమాలలేదు. పదమూడే అని ఒట్టు వేసినా, గొడవ చేసినా ఆయనతో వాదించి ఉండేదాన్నేమో. తనది తప్పు కావచ్చని ఒప్పుకుంటూనే అంత నిబ్బరంగా కూర్చున్నాడు. తెలియకపోవడం అంటే అప్పటిదాకా నాకు తెలిసింది ఊగిసలాట ఒక్కటే. ఈయనలో ఊగిసలాట లేదు. తెలియదు, అయినా కదలడు. అలాంటి మనిషిని నేను మొదటిసారి చూస్తున్నాను.

"ఆపేద్దామండి" అన్నాను.

"అదేంటమ్మా! నీకు పద్నాలుగు వినపడ్డాయన్నావు కదా?"

"వినపడ్డాయండి. తప్పు వినుండొచ్చు కదండి."

బుల్లిబాబు గారు రిజిస్టరు టేబుల్ మీద విసిరికొట్టి, ఫోను చెయ్యడానికి ఆఫీసు షెడ్డులోకి వెళ్లిపోయారు. ప్రొక్లెయిన్ ఆగిపోయింది.

మిగిలిన వత్తి ఏదైనా ఆలస్యంగా రాజుకుని పేలొచ్చు, గంటసేపు ఎవరూ గోతి దరిదాపులకి వెళ్లకూడదన్నాడు మొగిలి. ఆ గంటా ఎండలో కూర్చునే ఉన్నాడు. తర్వాత లేచి, చేతిలో ఒక కర్ర మాత్రం పట్టుకుని ఒక్కడే దిగాడు. వెళ్లేముందు సత్తెమ్మ వైపు చూశాడు. ఆమె "పొయి రా" అంది. అంతే.

ముప్పావుగంట తర్వాత పైకొచ్చాడు. పదమూడు రంధ్రాలు దొరికాయి, అన్నీ పేలినవే. పద్నాలుగోది ఉండాల్సిన చోట పెద్ద బండపలక విరిగి పడి ఉంది. దాని కింద ఏముందో కనిపించడం లేదు.

"ఉన్నదా, లేదా?" అని అడిగాను.

"తెల్వది మేడమ్. ఉన్నట్టే జెయ్యాలె."

ఉన్నట్టే చెయ్యడం అంటే, ఆ చోటికి ఒకటిన్నర అడుగుల దూరంలో కొత్త రంధ్రం వేసి, కొత్త తూటా పెట్టి పేల్చడం. పాతది ఉంటే దానితోపాటు పోతుంది. జాక్‌హామర్ పట్టుకోవడానికి ఇద్దరు ముందుకొచ్చారు. మొగిలి ఇద్దర్నీ పంపేశాడు. మళ్లీ ఒక్కడే దిగాడు.

పాతిక నిమిషాలు పట్టింది. మేమంతా రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆ మిషను చప్పుడు వినపడుతున్నంతసేపూ ఆయన బతికున్నట్టు. మధ్యలో రెండుసార్లు ఆగింది. బుల్లిబాబు గారు షెడ్డులోంచి బయటికొచ్చి మా పక్కనే నిలబడ్డారు. నాకు తెలియకుండానే నా చేతులు జోడించి ఉన్నాయి. ఎవరికి మొక్కుతున్నానో, వినేవాళ్లున్నారో లేదో నాకప్పుడూ తెలియదు. కానీ దొంగతనం చేస్తున్నట్టు మాత్రం అనిపించలేదు. నా బతుకులో అంత నిజంగా నేనెప్పుడూ మొక్కలేదు.

మిషను ఆగింది. మొగిలి పైకొచ్చి, కొత్త తూటా తీసుకుని మళ్లీ దిగాడు. వత్తి ముట్టించి, ఆ వయసులో ఎలా పరుగెత్తాడో, మా దగ్గరికి వచ్చిపడ్డాడు. పేలింది. రాళ్లు లేచాయి.

ఒక చప్పుడా, రెండా? మేస్త్రీ రెండన్నాడు. బుల్లిబాబు గారు ఒకటే అన్నారు. నాకు పెద్దగా వినపడింది, అంతే చెప్పగలను. సాయంత్రం అయిదు దాకా మొగిలి ఆ రాళ్లన్నీ చేత్తో తిరగేశాడు. పేలని తూటా ముక్క గానీ, డిటోనేటర్ గానీ ఏదీ దొరకలేదు. అది మధ్యాహ్నమే పేలిపోయిందో, ఇప్పుడు పేలిందో చెప్పే ఆధారం ఒక్కటీ మిగల్లేదు. అప్పుడు మాత్రమే జెండాలు తియ్యమన్నాడు.

మర్నాడు బెంగళూరు వాళ్లొచ్చేసరికి తూర్పు మూల రాళ్లకుప్పలాగే ఉంది. నాకు మెమో ఇచ్చారు. మొగిలిని రేపట్నుంచి రావద్దన్నారు. ఆయన సామాను సర్దుకుంటుంటే నేను దగ్గరికెళ్లాను. నాకింకా కోపం తగ్గలేదు.

"ఉందో లేదో తేలితే బాగుండేదన్నా. మీరే కరెక్టని అందరికీ తెలిసేది."

"దానికేం ఫికర్ మేడమ్?" అన్నాడు. "నిన్న పొద్దుగూకి ముప్పయి మంది ఇండ్లకు పొయిన్రు. గిది నాకు గట్టిగ తెల్సు. తెల్సినయి కొన్నన్న ఉండాలె గద మనిషికి."

ఇంట్లో ఈ సంగతంతా చెప్పాను. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి విన్నారు.

"ఇంతకీ పేలిందా, లేదా?"

"తెలీదు నాన్నా."

"తెలీకపోవడం ఏంటమ్మా?" అన్నారు చిరాగ్గా. రాత్రి భోజనాల దగ్గర మళ్లీ అదే అడిగారు. రెండు నెలలపాటు అప్పుడప్పుడూ అడుగుతూనే ఉన్నారు. ఆఖరికి ఆషాఢంలో, బోనాలకి రమ్మని సత్తెమ్మ కబురంపినప్పుడు, "నేనూ వస్తాను. ఆ మనిషిని చూడాలి" అని స్కూటరు తీశారు.

ఖానామెట్‌లో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. మొగిలి నాన్నని నులకమంచం మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. నాన్న మొహమాటపడే రకం కాదు.

"దేవుడున్నాడో లేడో తెలియకుండానే మీరు మొక్కుతారటగా. మా అమ్మాయి చెప్పింది. అదెలా కుదురుతుందండీ?"

"మీకు తెల్సా సారూ?"

"నాకు తెలుసు."

"తెల్సినోళ్లు అదృష్టవంతులు సారూ" అన్నాడు మొగిలి. అందులో వెటకారం లేదు. "నాకు గా భాగ్యం లేదు. లేదని మొక్కుడు ఇడ్సిపెట్టాల్నా? నాకు రాదది."

నాన్న ఏదో అనబోతుండగా సత్తెమ్మ బోనం కుండకి పసుపు రాస్తూ లోపల్నుంచి వచ్చింది.

"నాకైతే ఎర్కనే సార్. ఆమె ఉన్నది. ఆ దినం ఈయన గోతిల దిగినప్పుడు ఆమె నా పక్కపొంటే నిలవడ్డది. నా చెయ్యి వట్టుకున్నది. నాకు బుగులు గాలె, భయమన్నదే లేకుండె."

"చూశావా!" అన్నారు నాన్న నా వైపు తిరిగి, పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినంత సంతోషంగా. "నమ్మకం అంటే అదమ్మా."

సత్తెమ్మ చెయ్యి ఆపి ఆయన్ని చూసింది. "గాని సార్, నాది ఈయనకంటె పెద్ద భక్తి అని మాత్రం అనను. నా పక్కకు ఆమె ఉండె. గాయన ఒక్కడే దిగిండు."

నాన్న మంచం పట్టె మీద చెయ్యి రాస్తూ కూర్చున్నారు. మొగిలి సిగ్గుపడి, "దాని మాటలకేం సారూ, ఛాయ్ తాగుండ్రి" అంటూ లోపలికి వెళ్లాడు. సత్తెమ్మ బోనం నెత్తికెత్తుకుని బయల్దేరితే మొగిలి వెనకాలే వేపమండ పట్టుకుని నడిచాడు. గుడి ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడి దండం పెట్టారు. తెలిసిన మనిషి ఎవరో, తెలియని మనిషి ఎవరో వెనకనుంచి చూసి చెప్పడం నా వల్ల కాలేదు. వాళ్ల వెనక నాన్నా, నాన్న పక్కన నేనూ చేతులు జోడించాం.

దసరా నాటికి గచ్చిబౌలి వైపు ఇంకో కాంట్రాక్టరు మొగిలిని పనిలో పెట్టుకున్నాడు. పేల్చడానికి కాదు, పేల్చేవాళ్లకి నేర్పడానికి. ఆయన గురించి అక్కడికి కబురు వెళ్లింది ఎవరి నుంచో తర్వాత తెలిసింది. బుల్లిబాబు గారే ఫోను చేసి చెప్పారట. ఆయన్ని అడిగితే, "మంచి పనివాడమ్మా. మన దగ్గరే కుదర్లేదు" అని మాట తప్పించారు.

అంతకు చాలా ముందే, బోనాల తర్వాతి ఆదివారం నేను లేచేసరికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూటరు తుడుస్తున్నారు.

"ఎక్కడికి నాన్నా?"

"ఖానామెట్‌కి" అన్నారు. "ఆయనతో నా వాదన పూర్తికాలేదు."

అమ్మ అరిసెలు పొట్లం కట్టి ఇచ్చింది. మధ్యాహ్నం భోజనానికి వస్తానన్న మనిషి చీకటి పడ్డాక వచ్చారు. ఎవరు గెలిచారని నేను అడగలేదు. కాళ్లు కడుక్కుంటూ తనే అన్నారు.

"ఆయన చెప్పింది నేనొప్పుకోను. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాను."